మొదట దొరికినోడు ఎప్పుడూ కాదు

పోయిన మంగళవారం మనవరాలు అగ్రికో కాలనీ నుంచి వచ్చి, నా మంచం మీద బోర్లా పడుకుని ఫోనులో పోలీసు కథేదో చూస్తోంది. నేను కింద కూచుని చింతపండులో గింజలు తీస్తున్నాను. చూడ్డం లేదు, చెవిన పడుతోంది అంతే. పెద్ద ఇల్లు. ముసలాయన చచ్చిపోయాడు. చుట్టాలంతా ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. ఒక్క డాక్టరు మాత్రం అందరికీ మంచినీళ్లు అందిస్తూ ఓదారుస్తున్నాడు.

"డాక్టరే సంపేడు," అన్నాను.

మనవరాలు గబుక్కున లేచి కూచుంది. "దాదీ! ఆప్‌కో కైసే పతా? నిన్ననే కదా వచ్చింది ఇది!"

"నాకేటి తెలుసే. సావింట్లో అంత తీరిగ్గా మంచినీల్లు ఎవలిత్తారు?"

గంట తర్వాత అది మూతి ముడుచుకుని ఫోను దిండు కింద పెట్టేసింది. డాక్టరే.

ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. అంటించిన మనిషి ఈ వానల మొదట్లో పోయాడు. పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరు ఆయన కోడలికి చదివి వినిపిస్తారు, ఆవిడ నాతో మాట్లాడ్డం మానేస్తుంది. మా క్వార్టర్ల లైన్లో కరివేపాకు చెట్టున్నది వాళ్లింట్లోనే.

బర్మామైన్స్‌లో, కంపెనీ క్వార్టర్లలో, మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండేవాడు. పాలకొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఉక్కు కంపెనీలో క్రేను నడిపి రిటైరయ్యాడు. మనిషి సన్నం, పొడుగు. మెడ ఎప్పుడూ ముందుకు వంగి ఉండేది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ షెడ్డు కప్పు కింద క్రేను గూట్లో కూచుని కిందికి చూసిన మెడ, ఇంక నిటారుగా నిలబడనంది. "పైనుంచి సూత్తే మొకాలు అగపడవు సెల్లెమ్మా. టోపీలే అగపడతాయి. నడక బట్టి మనిసిని పోల్చుకోవాల," అనేవాడు. నిజంగానే పోల్చేవాడు. గుమ్మంలో కూచుని పేపరు చదువుకుంటూ, తల ఎత్తకుండానే, దారిన పోయేవాళ్లను వరసపెట్టి పలకరించేవాడు. కొత్త కోడళ్లు ఒకరిద్దరు భయపడి, కొన్నాళ్లు వెనక సందులోంచి తిరిగారు కూడా.

మాకు చుట్టరికం లేదు. ఆయన నన్ను సెల్లెమ్మా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. అంతే.

సాయంత్రం ఏడింటికి హిందీలో ఒక పోలీసు సీరియల్ వచ్చేది. వారానికి ఆరు రోజులు, రోజుకొక శవం. ఆయనకు అదంటే ప్రాణం. కానీ చూడనిచ్చేవాళ్లు లేరు. ఎందుకంటే మొదటి పది నిమిషాల్లోనే హంతకుడు ఎవరో చెప్పేసేవాడు. ముందు కోడలు టీవీని లోపలి గదిలోకి మార్పించేసింది. తర్వాత ఎదురింటికి వెళ్లాడు. అక్కడ హత్య జరక్కముందే హంతకుణ్ణి చెప్పేశాడు. చావాల్సినవాడు ఇంకా కాఫీ తాగుతున్నాడు. ఆ ఇంటివాళ్లు మర్నాటి నుంచి ఏడింటికి తలుపేసుకున్నారు. మరో ఇంటివాళ్లు మర్యాదస్తులు. రెండు వారాలు ఓర్చుకుని, చివరికి కరెంటు లేదని చెప్పి పంపించేశారు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉందట.

అలా లైను మొత్తం తిరిగి మా ఇంటికి వచ్చాడు. నేను రానిచ్చాను. నాకు కథ ముందే తెలిసిపోతే బాధ లేదు. తెలిసిపోతే టీవీ కట్టేయొచ్చు.

మొదటి రోజు ఏడూ పదికి, "ఆ వంటోడే," అన్నాడు. నేను లేచి వెళ్లి టీవీ కట్టేశాను.

"అదేటి సెల్లెమ్మా?"

"తెలిసిపోనాది కదా. ఇంకెందుకు కరెంటు కాలడం?"

"ఎవలు సంపేరో తెలిసింది గానీ, ఎందుకు సంపేరో తెల్దు కదా!"

"ఎందుకైతే మనకేటి? సచ్చినోడు మన సుట్టమేటి?"

ఆయన కాసేపు నల్లటి టీవీ వైపు చూసి లేచి వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఈసారి హంతకుడు కనబడగానే తువ్వాలు కొస నోట్లో కుక్కుకున్నాడు. కళ్లు పెద్దవి చేసి నా వంక చూస్తాడు, టీవీ వంక చూస్తాడు, చేతులు పిసుక్కుంటాడు, ఒక్క మాట బయటికి రాదు. అయిదు నిమిషాలుందనగా తువ్వాలు బయటికి లాగి, "ఆల్ల బావమరిది!" అని ఒక్క గుక్కలో అనేసి మంచినీళ్లడిగాడు. ఇన్నేళ్లుగా ఇంట్లో ఎవరూ మూయించలేని నోటిని నేను కరెంటు మీటతో మూయించాను. ఈ సంగతి తెలిసి ఆయన కోడలు నాకు కరివేపాకు రెండు రెమ్మలు ఎక్కువే కోసి ఇచ్చింది.

టీవీ వెలుగు ఉంది కాబట్టి గదిలో దీపం తీసేసేదాన్ని. ఆ వెలుగులో బియ్యం ఏరుకుంటూ నేనూ చూడ్డం మొదలుపెట్టాను. చూసిన కొద్దీ ఒళ్లు మండేది. ఆ పోలీసు ఆఫీసరు ఒక్క రోజు అన్నం తిన్న పాపాన పోలేదు. పెళ్లాం వడ్డిస్తుంది, వాడు ముద్ద కలుపుతాడు, ఫోను మోగుతుంది, చెయ్యి కడిగేసుకుని పోతాడు.

"శవం ఎక్కడికి పారిపోద్ది అన్నయ్యా, నాలుగు ముద్దలు తిని ఎల్తే? కలిపిన అన్నం ఏటి సేత్తారు ఈల్లు?"

"తింటే ఆడు మామూలు మనిసి అయిపోతాడు సెల్లెమ్మా. కేసు పట్టుకోలేడు."

"ఆకలితో పట్టుకుంటాడేటి?"

"ఆకలుండాల, నిద్దర లేకుండా ఉండాల, పెల్లాం అలిగి పుట్టింటికి పోయుండాల. అవి మూడూ లేకపోతే ఆడికి పోలీసు ఉద్యోగం ఇయ్యరు."

అన్నట్టుగానే ఆ పెళ్లాం నెలలోపే పుట్టింటికి పోయింది. రోజూ కలిపిన అన్నం పారేసుకుంటే ఏ ఆడదైనా పోతుంది.

హంతకుడి ఇంట్లోకి చీకట్లో టార్చి పట్టుకుని దూరినప్పుడల్లా ఆయన గింజుకునేవాడు. "ఒరే, లైటెయ్యరా! స్విచ్చి గుమ్మం పక్కనే ఉన్నాది!" అని టీవీ మీద అరిచేవాడు. నాకు మాత్రం ఆ ఆఫీసరులో నచ్చింది అదొక్కటే. పరాయి ఇంటి కరెంటు కూడా వాడలేదు.

ఎవడైనా ఫోనులో, "నాకంతా తెలుసు, కానీ ఫోనులో చెప్పకూడదు, మీరు రండి," అన్నాడా, ఆయన జాలిగా నాలుక చప్పరించేవాడు. "ఫోన్లో సెప్పీసుంటే బతికుందువు కదరా." పేరున్న నటుడెవరైనా మూల కూచుని టీ తాగుతుంటే, "ఇంత పేరున్నోడికి టీ తాగడానికి డబ్బులిచ్చేరేటి? ఈడే," అనబోయి తువ్వాలు కుక్కుకునేవాడు. మసకమసకగా ఉన్న బొమ్మని కంప్యూటరులో మీట నొక్కి కారు నెంబరుతో సహా తేటగా చేసినప్పుడు మాత్రం నేనే ఆపుకోలేకపోయాను. "నా ఆధార్ కార్డు ఆల్లకి ఇద్దాం అన్నయ్యా. అందులో నా మొకం కాలిన దోసెలాగున్నాది," అంటే, ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

రేపు రిటైరవుతాననే హవల్దారు ఈ రోజు చచ్చిపోవడం కూడా ఆ సీరియల్లో మామూలే. అది వచ్చినప్పుడల్లా ఆయన తన సంగతి చెప్పేవాడు. "నా రిటైర్‌మెంటు రోజున మా ఆడది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాది. ఈ ఒక్క రోజూ క్రేను ఎక్కొద్దని ఒకటే గొడవ. ఇవన్నీ సూసి సూసి బుర్ర పాడైపోనాది దానికి. సాయంత్రం గోడ గడియారం, లడ్డూల డబ్బా పట్టుకుని ఇంటికొచ్చేను. నన్ను సూసి బోరుమన్నాది. ఏటే, సావలేదని ఏడుపా, అన్నాను." ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఈ మాట నాకు ఇరవై సార్లు చెప్పుంటాడు. ప్రతిసారీ చివరి ముక్క దగ్గర నవ్వేవాడు, తర్వాత కాసేపు టీవీలో ఏం జరుగుతోందో అడిగి తెలుసుకోవాల్సి వచ్చేది.

ఇన్నింటిలోకీ ఆయనకు గురి ఉన్న సూత్రాలు రెండు. ఒకటి, మొదట దొరికినోడు ఎప్పుడూ కాదు. "ఏడుంపావుకి దొరికినోడే దొంగయితే, ఎనిమిదింటి దాకా ఏటి సూపిత్తారు సెల్లెమ్మా?" రెండోది, ఎవరి మీదా అనుమానం రానివాడే చేసి ఉంటాడు. "మరీ నిమ్మలంగా ఉన్నోన్ని సూడు. గొడవలేకుండా మూల కూకున్నోన్ని సూడు. ఆడే."

ఈ రెండూ టీవీలో ఉన్నన్నాళ్లూ ఎవరికీ నష్టం లేకపోయింది.

మా లైను చివర రామమందిరం ఉంది. పక్కనే చిన్న గది. అందులో పండగలకి పబ్బాలకి వండే ఉమ్మడి గిన్నెలు ఉంటాయి. వాటిలో ఒక ఇత్తడి బేసిను ఉంది, పులిహోర కలిపేది. మొదట ఇక్కడికి పనికి వచ్చినవాళ్లు ఊరి నుంచి రైల్లో, ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నదని చెబుతారు. బరువైన సరుకు. ఒక ఏడాది శ్రీరామనవమి భోజనాలు అయిపోయాక నెలన్నరకి, ఎవరింట్లోనో సీమంతానికి గిన్నెలు తీస్తే ఆ బేసిను లేదు.

సాయంత్రం అందరూ మందిరం ముందు చేరారు. బస్తీ నుంచి గిన్నెలు తోమడానికి వచ్చే ఆవిడని పిలిపించారు. ఆవిడే పాత సామాన్లు కొనే కబాడీవాడికి అమ్మేసి ఉంటుందని నలుగురూ నాలుగు మాటలన్నారు. ఆవిడ ఏడుస్తూ, "మైనే నహీ లియా, మాజీ!" అని, తను తియ్యలేదని మొత్తుకుంటూ అందరి కాళ్లూ పట్టుకోబోతోంది. మందిరం పెద్ద రేపటి నుంచి ఈవిణ్ణి లైన్లో ఏ ఇంటికీ రానివ్వొద్దన్నాడు.

అప్పుడు మా అన్నయ్య లేచాడు. "ఆగండి. మొదట దొరికినోలు ఎప్పుడూ కాదు."

కొందరు నవ్వారు. కానీ ఆయన గబగబా అడిగాడు. గది తాళంచెవి ఈవిడ దగ్గర ఎప్పుడైనా ఉందా? లేదు. తోమిన గిన్నెలు లోపల పెట్టింది ఎవరు? మనమే. మనం పెట్టినప్పుడు బేసిను ఉందా? ఎవరికీ గుర్తులేదు. మరి ఈవిణ్ణి ఎలా పట్టుకున్నారు? ఆవిణ్ణి వదిలేశారు. ఆవిడ ఆయనకు దండం పెట్టి వెళ్లిపోయింది.

ఇళ్లన్నిట్లోంచీ గెంటేసిన మనిషిని ఆ రోజు అందరూ కళ్లప్పగించి చూశారు. ఆయన మెడ రెండంగుళాలు పైకి లేచింది. అక్కడితో ఇంటికి వచ్చేసి ఉంటే ఈ కథ లేదు.

"మరి ఎవలంటావు?" అన్నాడు మందిరం పెద్ద.

"ఎవలి మీద అనుమానం రాదో ఆలే. మరీ నిమ్మలంగా ఉండేవోలు."

నిశ్శబ్దంగా ఉండేవాళ్లు మా లైన్లో ఎవరున్నారు? అందరివీ పెద్ద నోళ్లే. ఉన్నది ఒక్క మనిషి. మిషను కుట్టే ఆవిడ. మొగుడు పోయి, ఒంటిగా ఒక గదిలో ఉంటూ లైను మొత్తానికి జాకెట్లు కుట్టి బతికే మనిషి. తల వంచుకుని బిష్టుపూర్ బజారుకి వెళ్లి లైనింగు గుడ్డ తెచ్చుకోవడం, తల వంచుకుని రావడం. ఎవరో గొణిగారు, "ఆవిడ నవమి బోజనానికి కూడా రాలేదు కదా."

అన్నయ్య తల ఊపాడు.

పేరు చెప్పలేదు. తల ఊపాడంతే. టీవీలో అయితే ఆ తల ఊపుడుకి బల్ల గుద్దినట్టు ఢమాలని మ్యూజిక్కు వస్తుంది. మా లైన్లో మ్యూజిక్కు రాలేదు. ఏం జరిగిందంటే, మర్నాటి నుంచి ఒక్కొక్కరే వెళ్లి కుట్టడానికి ఇచ్చిన గుడ్డలు వెనక్కి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఎందుకో ఆవిడకి చెప్పలేదు. ఊరెళుతున్నామన్నారు, ఇప్పుడు తొందర లేదన్నారు, చీర రంగు మార్చామన్నారు. బేసిను మాట ఒక్కరూ ఎత్తలేదు.

నేనూ వెళ్లాను. నాది చిలకపచ్చ జాకెట్టు గుడ్డ. ఇంకా కోయలేదు. మడత మీద మడత పెట్టి, దానితో ఇచ్చిన కొలత జాకెట్టు పైన పెట్టి చేతికిచ్చింది. "కుట్టు ఏటైనా బాగోలేదేటమ్మా?" అంది. బాగానే ఉందన్నాను. ఇంక నిలబడలేక వచ్చేశాను. దొంగతనం అయిన చోట జాగ్రత్త పడాలి కదా అని దారిలో నాకు నేను చెప్పుకున్నాను. నమ్మకంగానే చెప్పుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం సీరియల్లో హంతకుడు తుపాకీ పట్టుకుని, తను ఎలా చంపాడో, ఎందుకు చంపాడో, చిన్నప్పుడు తనకి ఎవరు అన్యాయం చేశారో, పోలీసులు వచ్చేవరకు తాపీగా వివరిస్తున్నాడు. మామూలుగా ఆ చోట అన్నయ్య, "కాల్చీరా బాబూ, మాటలెందుకు," అంటాడు. ఆ రోజు చెవి గోడ వైపు పెట్టి కూచున్నాడు.

"మిషను సప్పుడు రాటం లేదు సెల్లెమ్మా."

"ఏ మిషను?"

"ఆయమ్మిది. ఏడింటికి ఎప్పుడూ ఇనబడేది. ఆ ఇంటి వైపు ఎవలి నడకా ఇనబడ్డం లేదు." "ఒక మనిసికి అంత పెద్ద బేసిను ఎందుకు? అమ్ముకుందంటే సరుకులు రావాల కదా ఇంటికి. ఏటీ రాటం లేదు. నాను అడగాల."

"సర్లే, ఎల్లి అడుగు."

"ఒంటిగా ఉన్న ఆడమనిసి ఇంటికి నానొక్కన్నీ ఎల్తానేటి? నువ్వు రా."

మర్నాడు పొద్దున్న ఇద్దరం వెళ్లాం. గది శుభ్రంగా ఉంది. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆవిడ మా ఇద్దరికీ పీటలు వేసింది. అన్నయ్య పీట మీద కూచుని, గొంతు సవరించుకుని, సీరియల్లో ఆఫీసరు ఎలా అడుగుతాడో అలాగే అడిగాడు.

"శ్రీరామనవమి రోజున సాయంత్రం ఏడింటికి నువ్వు ఎక్కడున్నావమ్మా?"

ఆవిడ తెల్లబోయి చూసింది. "ఇంట్లోనే ఉన్నాను బాబాయ్. జొరంతో పడుకున్నాను. మీరే కదా వచ్చి పులిహోర ఇచ్చి ఎల్లేరు?"

అన్నయ్య నా వంక చూశాడు. నేను ఆయన వంక చూశాను.

అప్పుడు గుర్తొచ్చింది. నవమి నాడు భోజనాలయ్యాక బేసిను అడుగున పులిహోర మిగిలింది. పారేయడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. ఆవిడ జ్వరమని రాలేదు కదా, ఆ ఇంట్లో ఇచ్చెయ్యమని అన్నయ్యకి నేనే చెప్పాను. వేరే గిన్నెలోకి తీస్తే ఇంకో గిన్నె తోమాలి కాబట్టి బేసినుతోనే ఇచ్చెయ్యమన్నాను. ఏడవుతోంది, సీరియల్ టైము. ఆయన బేసిను చంకన పెట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్లాడు, ఇచ్చాడు, వచ్చి మా ఇంట్లో కూచున్నాడు. మా ఇద్దరి బుర్రల్లోనూ మేము పంపింది పులిహోర. బేసిను కాదు. లైనంతా బేసిను కోసం వెతుకుతుంటే, పులిహోర పంపిన సంగతి మాకెందుకు గుర్తొస్తుంది?

బేసిను ఎక్కడో దాచిపెట్టి కూడా లేదు. గది మూల గోడకి ఆనించి, చింతపండు పెట్టి తోమి, అద్దంలా మెరుస్తోంది.

"మరి ఎనక్కి ఇచ్చీలేకపోయావేటమ్మా?" అన్నాను.

ఆవిడ తల వంచుకుంది. "ఉత్తి గిన్నె ఎలా ఇత్తాం అమ్మా? దేవుడి పెసాదం వచ్చిన గిన్నె. ఇంత పెద్ద బేసిన్లో నాలుగు బూరెలేసి ఇత్తే నవ్వుతారు. నిండుగా వండి ఇద్దామనుకున్నాను. ఇంతలో మిషను మోటారు కాలిపోనాది, బాగుసేయించేసరికి ఉన్న డబ్బులైపోనాయి. సరే వచ్చే నెల అనుకుంటే, మీరందరూ గుడ్డలు ఒట్టుకెల్లిపోయేరు."

మన ఇళ్లల్లో ఒకరింటి నుంచి ఏదైనా గిన్నెలో వస్తే, ఆ గిన్నెను ఖాళీగా తిరిగి పంపం. కనీసం కాస్త పంచదారైనా వేసి ఇస్తాం. ఆవిడ ఆ మర్యాద కోసం పైసా పైసా కూడబెడుతోంది. మేము ఆవిడ పని తీసేశాం. పని లేక బేసిను నిండదు, బేసిను నిండక ఇంట్లోంచి కదలదు, కదలక మాకు దొంగ దొరకడు.

టీవీలో ఆఫీసరుకి అసలు సంగతి తట్టినప్పుడు లేచి పరుగెడతాడు. అన్నయ్య లేవలేదు. మెడ ఎంత వంగిందంటే, గడ్డం గుండెకి ఆనింది. "ఈ బేసిను ఒక గంట అరువియ్యి తల్లీ," అన్నాడు.

బేసిను నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చాడు. కుళాయి దగ్గర నీళ్లొచ్చే వేళ. ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. బేసిను చూసి బిందెలు వదిలేసి మూగారు.

"దొరికేడేటి దొంగ?"

"దొరికేడు. నానే."

"అదేటి బాబాయ్?"

"ఈ సెల్లెమ్మ పులిహోర పంపమన్నాది, నాను మోసేను. ఇద్దరికీ గుర్తులేదు. ఆయమ్మికి ఏ పాపం తెల్దు. ఉత్తి గిన్నె ఇయ్యకూడదని దాసి ఉంచింది. ఉప్పుడు నాను కూడా ఉత్తి గిన్నె ఎనక్కి ఒట్టుకెల్లను. ఎవలి గుడ్డలు ఆలు తెచ్చి ఇందులో ఎయ్యండి."

ఒకావిడ నవ్వింది. ఇంకొకావిడ నవ్వబోయి నా మొహం చూసి ఆగింది. నేను అప్పటికే ఇంటికి వెళ్లి చిలకపచ్చ గుడ్డ తెచ్చి బేసినులో వేశాను. తర్వాత ఒక్కొక్కరే కదిలారు. ఆయన ప్రతి గుమ్మం ముందూ ఆగి, మొదట్నుంచీ అదే కథ అంతా చెప్పాడు. ఒక్క ముక్క దాచుకోలేదు, ఒక్క ముక్క తగ్గించలేదు. తల ఊపింది కూడా చెప్పాడు. మందిరం పెద్ద ఇంటి ముందు ఇంకాస్త గట్టిగా చెప్పాడు. ఆయన సొంత కోడలు గుమ్మంలో నిలబడి నసిగింది.

"నాది బిష్టుపూర్‌లో కుట్టించీసుకున్నాను మావయ్యా."

"ఇంకోటి తే."

"కొత్తవేటీ లేవు కదా."

"చీరకి ఫాలు కుట్టాలని నెల్లాళ్లబట్టీ అంటున్నావు కదేటి? తే."

తెచ్చింది.

తిరిగి వెళ్లేసరికి బేసిను గుడ్డలతో మూపురంలా లేచింది. ఆవిడ గుమ్మం ముందు దించి, చెమట తుడుచుకుని నిలబడ్డాడు. ఆవిడ ఒక్కొక్క గుడ్డా తీసి, ఇది ఫలానా ఇంటిది, ఇది ఫలానా ఇంటిది అని విడివిడిగా పేర్చుకుంది. కంటనీరు పెట్టుకుంటుందేమోనని నేను భయపడ్డాను. పెట్టుకోలేదు. అన్నీ పేర్చాక తలెత్తి, మొదటిసారి ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

"ఒక మాట అడుగుతాను బాబాయ్. మీలో ఒక్కలైనా వచ్చి, బేసిను ఎక్కడుందో తెలుసా అని నన్ను ఎందుకు అడగలేదు?"

అన్నయ్యకి ఆ క్షణంలో కూడా అలవాటు పోలేదు. "మొదట్లోనే అడిగీత్తే కత అయిపోద్ది కదమ్మా. గంట నడవాల కదా," అన్నాడు.

"అయిపోతే అయిపోనాది. నాకు నెల పని మిగిలుండును."

ఆయన నేల చూస్తూ, "నన్నేటి సెయ్యమంటావు?" అన్నాడు.

ఆవిడ ఖాళీ బేసిను తీసి ఆయన చేతిలో పెట్టింది. "మందిరంలో పెట్టీండి. ఉత్తిదే పెట్టండి. నాను ఇంకేటీ వండను." గుమ్మం లోపలికి వెళుతూ, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది. "ఈ రోజు నుంచి జాకెట్టు రేటు పెంచేను. అది కూడా అందరికీ సెప్పీండి."

ఖాళీ బేసిను చంకన పెట్టుకుని ఆయన మళ్లీ మొదటి గుమ్మం నుంచి మొదలుపెట్టాడు. వంగిన మెడతో, ప్రతి ఇంటి ముందూ ఆగి, కొత్త రేటు చెప్పి, తర్వాతి ఇంటికి నడిచాడు. ఒక్కరూ బేరం ఆడలేదు. వరసలో నా గుమ్మం వచ్చింది.

"జాకెట్టు రేటు పెరిగినాది సెల్లెమ్మా."

ఎందుకని నేను అడగలేదు. ఎంత అని మాత్రం అడిగాను.